గేమింగ్ ల్యాప్‌టాప్‌కి వైఫై కార్డు: ఆర్డర్ పెట్టే ముందు ఇది చూడండి

మన తాడేపల్లిగూడెం నుంచే మాట్లాడుతున్నాను. ఈరోజు నేను చేసిన ఒక తప్పుతో మొదలుపెడతాను.

ఆకివీడులో మా పిన్ని కొడుకు ఉన్నాడు. ఇంజినీరింగ్‌లో చేరాడని బాబాయి చేపల చెరువు డబ్బుల్లోంచి రైజన్ ప్రాసెసర్ ఉన్న గేమింగ్ ల్యాప్‌టాప్ కొనిచ్చారు. వాలరెంట్ ఆడుతుంటే రాత్రిపూట ఒకటే ల్యాగ్. "అన్నయ్యా, వైఫై కార్డు మార్చేద్దామా?" అన్నాడు. నేను ప్రాసెసర్ ఏంటో కూడా అడక్కుండా "ఇంటెల్ ఏఎక్స్ 211 తెప్పించుకోరా" అనేశాను. కార్డు స్లాట్‌లో చక్కగా కూర్చుంది. విండోస్ మాత్రం దాన్ని అసలు గుర్తించలేదు. వాడు దాచుకున్న డబ్బులు పోయాయి, నా బీటెక్ పరువూ పోయింది.

ఎందుకలా? ఏఎక్స్ 201, ఏఎక్స్ 211 ఒకరకంగా సగం కార్డులే. వైఫై పనిలో మిగతా సగం ఇంటెల్ చిప్ లోపల జరుగుతుంది. దీన్నే సీఎన్‌వీఐ అంటారు. అది ఉన్న ఇంటెల్ ల్యాప్‌టాప్‌లోనే ఇవి పనిచేస్తాయి. ఏఎక్స్ 200, ఏఎక్స్ 210 అలా కాదు, పూర్తి కార్డులు. పీసీఐ ఎక్స్‌ప్రెస్ మీద నడుస్తాయి కాబట్టి ఏఎండీకి కూడా పనికొస్తాయి. ఈ నాలుగింట్లో చివర ఒకటి ఉంటే ఇంటెల్‌కే, సున్నా ఉంటే రెండిటికీ. వైఫై 7 కార్డు బీఈ 200కి మాత్రం ఈ లెక్క వేయకండి. ఏఎండీలో దాన్ని నమ్ముకోలేం.

సరే, అసలు కార్డు మార్చాలా? కమాండ్ ప్రాంప్ట్‌లో ఐపీకాన్ఫిగ్ కొట్టి, డీఫాల్ట్ గేట్‌వే అడ్రస్ చూడండి. అది మీ రౌటర్. గేమ్ ఆడుతూనే దానికి పింగ్ పెట్టండి. రౌటర్ పింగ్ నిలకడగా ఐదు మిల్లీసెకన్ల లోపే ఉండి గేమ్‌లో ఎక్కువ చూపిస్తే, తేడా బయటి లైన్‌లోనో సర్వర్ దగ్గరో ఉంది. ఏ కార్డూ దాన్ని బాగుచేయలేదు. రౌటర్ పింగే ఎగురుతుంటే మీ ఇంట్లో వైఫై సంగతి చూడాలి.

మావాడికి అదే తేలింది. రౌటర్ కింద హాల్లో టీవీ వెనక, వాడి గది మేడ మీద, మధ్యలో శ్లాబు. పైగా 2.4 గిగాహెర్ట్జ్‌లో కనెక్టయ్యాడు. అందులో ఒకదానికొకటి అడ్డురాని ఛానెళ్లు మూడే: 1, 6, 11. చుట్టుపక్కల ఇళ్లన్నీ వాటిమీదే. రౌటర్‌ని మెట్ల దగ్గరికి మార్చి, 5 గిగాహెర్ట్జ్‌కి కలిపాం. పాత కార్డుతోనే ల్యాగ్ పోయింది.

ఇవన్నీ చేసినా తగ్గకపోతే అప్పుడు కార్డు మార్చండి. ముందు మూడు చూడండి. ఒకటి, కార్డు ఎం.2 2230 స్లాట్‌లో ఉందా, బోర్డుకే సోల్డర్ చేశారా? సోల్డర్ అయితే మార్చలేం. రెండు, యాంటెన్నా వైర్లు రెండున్నాయా? మూడు, వెనక మూత తీస్తే వారంటీ ఉంటుందా? మార్చేటప్పుడు బ్యాటరీ కనెక్టర్ పీకాకే చెయ్యి పెట్టండి.

మీ ప్రాసెసర్ పేరు, రౌటర్ పింగ్ కామెంట్‌లో రాయండి. ఈసారి అడిగే చెప్తాను, ప్రామిస్!