జంటవిద్య: కామర్సు – కంప్యూటరు

ఇంటరు పరీక్షాఫలితములు వెలువడిన దినములలో మన గ్రామములందు రచ్చబండపై జరుగు చర్చ యొక్కటే. పిల్లల నే చదువునకు బంపవలెను? ఇంజనీరింగునందో వైద్యమునందో చోటు దొరకనివారికి, దొరకినను వ్యయము భరింపలేనివారికి డిగ్రీ కళాశాలలు మూడు పేర్లు వినిపించును: బి.కాం. కంప్యూటర్ అప్లికేషన్సు, బి.బి.ఏ., బి.సి.ఏ. ఈ పొడి యక్షరముల వెనుక నే విద్య యున్నదో విచారించుటయే నేటి ప్రసంగ విషయము.

ముందుగా నా తప్పు నొప్పుకొందును. నేను భాషాప్రవీణ చదివి, తెలుగు పండితుడనై పని చేసి విశ్రాంతి గొన్నవాడను. కొన్నియేండ్ల క్రిందట మా పొరుగు రైతు, తన కుమార్తెను బి.కాం. కంప్యూటరునందు జేర్పవచ్చునా యని నన్నడిగెను. “అది రెండు పడవలపై కాళ్లు పెట్టిన చదువు. అటు వర్తకమును రాదు, ఇటు యంత్రమును రాదు” అని నేను నిరుత్సాహపరచితిని. ఆయన నా మాట వినక పిల్లను జేర్పించెను. వినకపోవుటయే మేలయ్యెను. ఎట్లనగా, తరువాత జెప్పెదను.

మొదట వాణిజ్యభాగమును జూతము. లెక్కలు వ్రాయుట మనకు క్రొత్త గాదు. కౌటిల్యుని అర్థశాస్త్రము ‘అక్షపటల’మను పేర లెక్కల కచేరికి నియమములు చెప్పినది. మన షావుకార్లు చిట్టాయు ఆవర్జాయు నెరిగినవారే. నేడు కళాశాలలలో బోధించు జంటపద్దు విధానమును 1494లో వెనీసు నగరమున అచ్చయిన తన గణితగ్రంథమునందు లూకా పాచోలీ యనునాతడు వివరించెను. మన దేశమున ఈ శాస్త్రమునకై 1913లోనే బొంబాయిలో సిడెన్‌హామ్ కళాశాల వెలసినది.

జంటపద్దు అనగా ప్రతి వ్యవహారమును రెండుచోట్ల వ్రాయుట. ఎరువుల కొట్టువాడొక రైతునకు 1000 రూపాయల యెరువు అరువిచ్చెననుకొందము. ఆ రైతు ఖాతాలో ఖర్చువైపున 1000, అమ్మకముల ఖాతాలో జమవైపున 1000 వ్రాయవలెను. సంవత్సరాంతమున అన్ని ఖాతాల నిలువలను రెండు వరుసలుగా గూర్చి ‘అంకణా’ వేయుదురు. రెండు వరుసల మొత్తములు సమానముగా వచ్చితీరవలెను. దీనిపై వ్యయగణనము, ఆదాయపు పన్ను, 2017 జూలై 1వ తేదీన అమలులోనికి వచ్చిన జి.ఎస్.టి., వర్తక శాసనములు, లెక్కల తనిఖీ మున్నగునవి నేర్పుదురు.

ఇక కంప్యూటరు భాగము. ఇది మీటలు నొక్కుటయని మనలో బెక్కురి తలంపు. అది పొరపాటు. 1951లోనే లండనునందు జె. లయన్స్ అను తేనీటి అంగళ్ల సంస్థ ‘లియో’ యను గణకయంత్రమును తానే నిర్మించుకొని, తన రొట్టెల బట్టీల లెక్కలను దానిచే వేయించెను. కావున వర్తకపు లెక్కయు గణకయంత్రమును కలిసి నడచుట నిన్న మొన్నటి ముచ్చట గాదు.

ఈ భాగమున ముఖ్యమైనది సమాచారమును పట్టికలుగా నమర్చు విద్య. దీనినే డేటాబేసు అందురు. 1970లో ఐ.బి.ఎం. సంస్థలోని ఎడ్గార్ కాడ్ అను శాస్త్రజ్ఞుడు, సమాచారమునంతను ఒకదానితో నొకటి సంబంధముగల పట్టికలుగా నుంచవలెనని ప్రతిపాదించెను. పట్టికలోని ప్రతి వరుసకును, మరియొక వరుసతో గలియని గుర్తు ఒకటి యుండవలెను. మీకిది సులభముగా దెలియును. 1984లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము కరణముల వ్యవస్థను రద్దు చేయువరకు, ఊరి భూముల చిఠాలన్నియు కరణముగారి యొద్దనే యుండెడివి. ఊరిలో వెంకటయ్యలు పదుగురుండవచ్చును. కాని సర్వేనంబరు, దాని సబ్‌డివిజను చూచినచో పొలము మారిపోదు. మనిషిని పేరుతో గాక నంబరుతో గుర్తింపుమనుటయే యీ శాస్త్రపు మొదటి పాఠము.

ఈ మూడు చదువులకు గల భేద మిది. బి.కాం. కంప్యూటర్ అప్లికేషన్సున లెక్కలు ప్రధానము, యంత్రము తోడు. బి.బి.ఏ.లో సంస్థను నడుపుట, సరకు నమ్ముట, పనివారిని గూర్చుకొనుట ప్రధానము. బి.సి.ఏ.లో ప్రోగ్రాములు వ్రాయుట ప్రధానము, వాణిజ్యము స్వల్పము. మూడేండ్లలో డిగ్రీ వచ్చును. 2020 జాతీయ విద్యావిధానము నాలుగవ యేటి ఆనర్సు చదువునకును ద్వారము తెరచినది. బి.కాం.లో 55 శాతము మార్కులు వచ్చినవారు ఫౌండేషను పరీక్ష వ్రాయకయే సి.ఏ. ఇంటర్మీడియెటున జేరవచ్చును. ఎం.బి.ఏ., ఎం.సి.ఏ. చదువగోరువారికి ఐసెట్ పరీక్ష కలదు.

ఇపుడు నేను వాయిదా వేసిన కథ. మా ప్రాంతపు ఒక సహకార సంఘములో నొక వితంతువు పంటఋణము తీర్చి రసీదు పుచ్చుకొన్నది. మరుసటి యేడు విత్తనముల వేళ క్రొత్త ఋణ మడుగబోగా, “నీ బాకీ అట్లేయున్నదమ్మా, కంప్యూటరు చెప్పుచున్నది” అనిరి. ఆమె రసీదు చూపినది. “మా లెక్క పైసాతో సరిపోయినది, తప్పు మాది కాదు” అని గుమాస్తా బదులు చెప్పెను. నేనును వెంట బోయి నాలుగు మాటలు చెప్పితిని గాని ఫలము లేకపోయెను. తొలకరి వానలు పడుచుండెను. అదను దాటినచో ఆమె రెండెకరములును బీడు పడవలసినదే.

అపుడు మా పొరుగు రైతు కుమార్తె, మూడవ యేడు చదువుచున్న పిల్ల, ఆమె వెంట వెళ్లెను. “అయ్యా, లెక్క సరిపోవుట వేరు, లెక్క నిజమగుట వేరు. ఒకరి జమ మరియొకరి ఖాతాలో బడినను అంకణా సరిపోవును. ఆ రసీదు తేదీన వచ్చిన సొమ్ము ఎవరి ఖాతాలో జమయైనదో దయచేసి చూడుడు” అని వినయముగా నడిగెను. చూడగా, అదే యింటిపేరు, అదే పేరు గల స్త్రీలు ఆ సంఘమున నలుగురుండిరి! సొమ్ము నమోదు చేసినవాడు సభ్యత్వపు నంబరు చూడక, తెరపై మొదట కనబడిన పేరును ఎన్నుకొనెను. ఈమె చెల్లించిన సొమ్ము వేరొకామె ఖాతాలో నధికముగా నిలిచియున్నది. తప్పు దిద్దిరి. వారము దినములలో ఋణము వచ్చినది. పొలము పచ్చబడినది.

మహాశయులారా! ఇందలి సూక్ష్మమును గమనింపుడు. లెక్కల చదువు మాత్రమే కలవానికి, సరిపోయిన లెక్కలో గూడ తప్పుండవచ్చునని తెలియును గాని, అది యంత్రమున నెట్లు దూరెనో తెలియదు. యంత్రపు చదువు మాత్రమే కలవానికి పేరుకును నంబరుకును గల భేదము తెలియును గాని, జమ మారినను అంకణా సరిపోవునను మర్మము తెలియదు. ఆ పిల్లకు రెండును దెలియును. నేను రెండు పడవలన్న చదువు నిజమునకు జోడెడ్లబండి.

అయితే పేరు పెట్టినంతనే ప్రతి కళాశాలలోను విద్య యుండదు. పిల్లలను జేర్పకముందు ఒకమారు స్వయముగా వెళ్లి చూడుడు. గదిలో యంత్రము లెన్ని, పిల్లలెందరు, వారమున కెన్ని గంటలు వారి చేతికి యంత్రము దొరకును? లెక్క మొదట కాగితముపై చేయింతురా, లేక యంత్రముచే వేయించి ఊరకుందురా? చదువు ముగియులోపల ఏదైన అంగడిలోనో కార్యాలయములోనో కొన్ని నెలలు పని నేర్పుదురా? బి.బి.ఏ., బి.సి.ఏ. చదువులను 2024–25 నుండి అఖిల భారత సాంకేతిక విద్యామండలి తన పరిధిలోనికి దెచ్చుకొన్నది గావున, దాని యనుమతి కలదా యని యడుగుటకు సంకోచింపవలదు.

పిల్లవానిని గూడ నొక్క ప్రశ్న అడుగుడు: “నాయనా, యంత్రము తప్పు చెప్పినచో నీకు తెలియునా?” తెలియునట్లు చేయు చదువే చదువు. సెలవు.