మాఱుపేరి ఖాతాలు – వాని గుర్తింపు

భిక్షువు వేషమును నమ్మి సీత గీత దాటినదను కథ తెలుగువారి యింటింట వినబడునదే. నేడు ఫేస్‌బుక్, వాట్సాప్‌లలో ఆ కపటము క్రొత్త రూపము దాల్చినది.

వంచకుడు ఒక పెద్దమనిషి పేరును, ఛాయాచిత్రమును అపహరించి మఱియొక ఖాతా తెఱచును. ఆయన మిత్రులతో స్నేహము కలుపుకొని, పిమ్మట ఆసుపత్రి ఖర్చనియో, ప్రయాణములో చిక్కనియో చెప్పి ధనము యాచించును. షోలాపూరులోనో, బరంపురములోనో స్థిరపడి, దూరపు బంధువులను ఫోనులోనే పలుకరించు కుటుంబములకు ఎదుట చూచి నిర్ధారించుకొను వీలు తక్కువ.

ఇదివఱకే మిత్రుడైనవాడు మరల స్నేహము కోరుట, ఖాతాలో పాత వ్రాతలు లేకుండుట, మాటతీరు మాఱుట, తొందరపెట్టుట – ఇవి దొంగఖాతా లక్షణములు. నేర్పరియైన వంచకుడు వీనిని కప్పిపుచ్చగలడు. కృత్రిమ మేధతో కంఠస్వరమును సైతము అనుకరింపగలడు. కావున సందేశము వచ్చిన మార్గమును విడిచి, పూర్వమునుండి తెలిసిన సంఖ్యకు తామే ఫోను చేసి విచారించుట ఉత్తమము.

యూపీఐలో ధనము పుచ్చుకొనుటకు పిన్ అక్కఱలేదు. అడిగినచో మోసమని యెఱుగవలెను. "డిజిటల్ అరెస్టు" అనునది భారతీయ చట్టములో లేదు. సమాచార సాంకేతిక చట్టమున 2008 సవరణచే చేరిన 66డి సెక్షను ఇట్టి వంచనకు 3 ఏండ్ల వఱకు కారాగారము, 1 లక్ష రూపాయల వఱకు జరిమానా విధించుచున్నది.

మోసపోయినవారు సిగ్గుచే దాచక తక్షణమే 1930 సంఖ్యకు తెలుపవలెను. ఏ రాష్ట్రమున నున్నను సంఖ్య యదియే. ధనము చేతులు మాఱకముందే తెలిపినచో బ్యాంకులు దానిని నిలుపు అవకాశము కలదు. జాగుచేసినకొలది ఆ యవకాశము సన్నగిల్లును.