గడువు తీరినా చావని పాలసీలు

అమెరికాలో లాస్ ఏంజెలెస్‌కు తూర్పున రివర్‌సైడ్ కౌంటీలో ఒక రాతి క్వారీ ఉండేది. పేరు స్ట్రింగ్‌ఫెలో. 1955లో కాలిఫోర్నియా ప్రభుత్వ జియాలజిస్టు ఒకరు దాన్ని పరిశీలించి, అడుగున నీరింకని రాయి ఉంది కాబట్టి ఫ్యాక్టరీల వ్యర్థ ద్రవాలు ఇక్కడ పోయవచ్చని తేల్చారు. మరుసటేడు గుంతలు తెరిచారు. 3 కోట్ల గ్యాలన్లకు పైగా అక్కడ పోశారు. తీరా చూస్తే ఆ రాయి నిండా పగుళ్లే, దాని కిందే భూగర్భ జలం. 1969 వానలకు గుంతలు పొంగాయి. 1972లో మూసేశారు. 1978లో మళ్లీ భారీ వానలు పడితే, కట్ట తెగుతుందేమోనన్న భయంతో అధికారులే కొంత విషపు నీటిని దిగువకు వదిలారు. శుభ్రం చేసే ఖర్చు రాష్ట్ర ప్రభుత్వమే భరించాలని 1998లో ఫెడరల్ కోర్టు చెప్పింది. ఆ ఖర్చు 70 కోట్ల డాలర్ల దాకా పోవచ్చని ప్రభుత్వమే అంచనా వేసుకుంది.

అంత సొమ్ము ఎవరిస్తారు? ప్రభుత్వం పాత దస్త్రాలు తిరగేసి, 1960లలో, 70లలో కొన్న బీమా పాలసీలు బయటికి తీసింది. వాటి గడువు ఎప్పుడో తీరిపోయింది. అయినా కోర్టులో నిలబడ్డాయి.

మన బండికి థర్డ్ పార్టీ బీమా ఉంటుంది కదా, మన వల్ల ఎదుటివాడికి నష్టం జరిగితే కంపెనీ కడుతుంది. వ్యాపారాలకూ అలాంటిదే ఉంది, దాన్ని జనరల్ లయబిలిటీ పాలసీ అంటారు. పాత పాలసీల్లో కీలకమైన సంగతి ఒకటుంది. క్లెయిము ఎప్పుడు వచ్చిందని అవి అడగవు, నష్టం ఎప్పుడు జరిగిందని అడుగుతాయి. 1968లో విషం నేలలోకి దిగి ఉంటే, ఆ ఏడాది పాలసీ ఇచ్చిన కంపెనీ 2008లో వచ్చిన నోటీసుకైనా జవాబు చెప్పాల్సిందే. పైగా 1966లో అక్కడి బీమా కంపెనీలు తమ నమూనా పాలసీని మార్చి, ఒక్కసారిగా జరిగే ప్రమాదంతోపాటు పదేపదే, నెమ్మదిగా జరిగే హానిని కూడా అందులోకి తెచ్చాయి. కాలుష్యం తీరే అది. ఏళ్ల తరబడి చుక్కచుక్కగా దిగుతుంది. ఏ ఏడాది ఎంత దిగిందో ఎవరు కొలవగలరు?

స్ట్రింగ్‌ఫెలో కేసులో తెగని చిక్కు అదే. 1963కు ముందు ప్రభుత్వానికి అసలు బీమాయే లేదు. ఆ ఏళ్ల వాటా తామెందుకు కట్టాలని కంపెనీలు వాదించాయి. వినడానికి న్యాయంగానే ఉంది. కానీ 2012లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు పాలసీలోని మాటనే పట్టుకుంది. నష్టంలో కొంత భాగమైనా మీ కాలంలో జరిగి ఉంటే, మీ పరిమితి మేరకు మొత్తానికీ మీరు బాధ్యులే అంది. అంతేకాదు, వేర్వేరు ఏళ్ల పాలసీల పరిమితులను ఒకదానిమీద ఒకటి కలుపుకోవచ్చని కూడా చెప్పింది. అన్ని రాష్ట్రాల కోర్టులూ ఇలా చెప్పలేదు. కొన్నిచోట్ల ఏళ్లవారీగా పంచుతారు, అప్పుడు బీమా లేని ఏళ్ల భారం యజమాని మీదే పడుతుంది.

ఈ పాత కాగితాలకు విలువ తెచ్చింది 1980లో వచ్చిన సూపర్‌ఫండ్ చట్టం. పారబోసిన నాటికి అది చట్టబద్ధమే అయినా సరే, శుభ్రం చేసే ఖర్చు కట్టాల్సిందేనంది. స్థలం తర్వాత కొన్నవాడినీ వదల్లేదు. పెద్ద రసాయన కంపెనీలే కాదు, వీధి చివరి డ్రైక్లీనింగ్ దుకాణాలూ ఇందులో ఇరుక్కున్నాయి. బట్టలుతికే పెర్క్ అనే ద్రావకం డ్రైనేజీ పైపుల అతుకుల్లోంచి కారి నీటిలో కలుస్తుంది. ఉతికినాయన పోయుంటాడు, నోటీసు ఆయన పిల్లలకో, షాపు అద్దెకిచ్చిన యజమానికో వస్తుంది.

అలాంటివారు పాలసీ కాగితం పోయిందని చేతులెత్తేయనక్కర్లేదు. దీన్నే వృత్తిగా పెట్టుకున్న ఇన్సూరెన్స్ ఆర్కియాలజిస్టులు అక్కడ ఉన్నారు. వాళ్లు ప్రీమియం కట్టిన పాత చెక్కులు, అకౌంటెంటు చిట్టాలో పాలసీ నంబరు, లీజు దస్తావేజుకు జతచేసిన బీమా సర్టిఫికెట్, బ్రోకరు ఆఫీసు అటక మీది ఫైళ్లు వెతుకుతారు. అన్నీ కలిపి పాలసీ ఉండేదని రుజువు చేస్తారు. ఆ కంపెనీ వేరేదాంట్లో కలిసిపోయి ఉంటే బాధ్యత ఎవరికి చేరిందో ఆరా తీస్తారు. దివాలా తీసి ఉంటే మాత్రం కష్టమే. పోయిన పాలసీల గురించి బీమా కంపెనీలు కూడా తమ రికార్డులు వెతికి చెప్పాలని ఓరెగన్ రాష్ట్రం ఏకంగా చట్టమే చేసింది.

పాలసీ దొరికినా మెలికలున్నాయి. సొంత నేలకు జరిగిన నష్టం దీని కిందికి రాదు. భూగర్భ జలం మాత్రం సాధారణంగా సొంత ఆస్తి కాదు. అంటే విషం మన మట్టిలోనే ఆగితే ఖర్చు మనది, నీటిలో కలిస్తే బీమా తలుపు తెరుచుకుంటుంది! వింతే, కానీ అంతే. ఇంకోటి, కంపెనీకి చెప్పకుండా ముందే ఖర్చు పెట్టేస్తే ఆ సొమ్ము తిరిగి రాకపోవచ్చు. కాబట్టి మొదటి పని నోటీసు పంపడం.

1970లలో కంపెనీలు మేలుకుని, కాలుష్యం హఠాత్తుగా జరిగితేనే కడతామని మినహాయింపు రాశాయి. 1986 నాటికి కాలుష్యాన్నే బీమా నుంచి దాదాపు పూర్తిగా తీసేశాయి. అందుకే వెతికేవాళ్లకు ఎంత పాతదైతే అంత మంచిది. అప్పట్లో లేని చట్టానికి తాము ప్రీమియం లెక్క వేసుకోలేదన్న కంపెనీల గోడులో నిజముంది. అయితే పాలసీ భాష వాళ్లు రాసుకున్నదే కదా.

మన దగ్గర ఈ దారి ఇరుకు. భోపాల్ గ్యాస్ దుర్ఘటన తర్వాత 1991లో పబ్లిక్ లయబిలిటీ ఇన్సూరెన్స్ చట్టం వచ్చింది. ప్రమాదకర రసాయనాలు వాడే సంస్థలు బీమా తీసుకోవాలంది. కానీ దాని చూపంతా ప్రమాదం మీదే. సాయం కోరే దరఖాస్తు ప్రమాదం జరిగిన 5 ఏళ్లలోపే ఇవ్వాలి. పటాన్‌చెరులో ఫ్యాక్టరీల వ్యర్థాలతో నక్కవాగు పొడవునా బావులు పాడైనట్టుగా, ఫలానా రోజున జరిగిందని చెప్పలేని నష్టాన్ని ఈ లెక్కలోకి తేవడం చాలా కష్టం.