సముద్రంలో ప్లాస్టిక్‌కు తిండి వాసన ఎలా వస్తోంది? ఓ విద్యార్థి పరిశోధన చెప్పిన నిజం

సముద్ర కాలుష్యం మీద ఏ స్కూల్‌లో ఎగ్జిబిషన్ పెట్టినా ఒక ఫొటో మాత్రం తప్పకుండా కనిపిస్తుంది. పసిఫిక్ మహాసముద్రం మధ్యలో ఉన్న మిడ్‌వే దీవుల్లో చనిపోయిన ఆల్బట్రాస్ పిల్ల. దాని పొట్ట ఉండాల్సిన చోట బాటిల్ మూతలు, లైటర్ ముక్కలు, విరిగిన ప్లాస్టిక్ పెంకులు. ఆ ఫొటో చూసిన పిల్లలు వెంటనే అడిగే ప్రశ్న ఒకటే. 'అది తినేది కాదని పక్షికి తెలియదా?'

పెద్దలు చెప్పే జవాబు కూడా దాదాపు ఒకేలా ఉంటుంది. ప్లాస్టిక్ ముక్క చేపలా కనిపించిందని, నీళ్లలో తేలే కవర్ జెల్లీ ఫిష్‌లా అనిపించిందని, పాపం పొరపాటు పడిందని చెబుతారు. ఈ జవాబులో కొంత నిజం ఉంది. కానీ అది పూర్తి జవాబు కాదు. ఆ మిగతా సగం కోసం వెతికిన వ్యక్తి మాథ్యూ సవోకా. అప్పట్లో ఆయన అమెరికాలోని కాలిఫోర్నియా యూనివర్సిటీ డేవిస్ క్యాంపస్‌లో పీహెచ్‌డీ విద్యార్థి. ఆయన పరిశోధన 2016 నవంబర్‌లో 'సైన్స్ అడ్వాన్సెస్' పత్రికలో వచ్చింది.

పక్షి అంత అమాయకురాలేం కాదు

ఆల్బట్రాస్, పెట్రెల్, షియర్‌వాటర్ జాతుల పక్షులు జీవితంలో ఎక్కువ భాగం నడిసముద్రం మీదే గడుపుతాయి. తిండి కోసం వందల, కొన్నిసార్లు వేల కిలోమీటర్లు ఎగురుతాయి. అంత దూరంలో చెట్టూ ఉండదు, గుట్టా ఉండదు. అంతా ఒకేలా కనిపించే నీళ్లే. అయినా అవి తిండి ఉన్న చోటును కనిపెట్టి అక్కడికే చేరుకుంటాయి. ఇంత నేర్పు ఉన్న పక్షి ఒక ప్లాస్టిక్ ముక్కను గుర్తుపట్టలేదంటే నమ్మడం కష్టమే కదా?

వీటి నేర్పు అంతా ముక్కులోనే ఉంది. ఈ పక్షుల ముక్కు మీద చిన్న గొట్టాల్లాంటి రంధ్రాలు ఉంటాయి. వాసన పట్టడంలో ఇవి దిట్టలు. ఇవి పట్టే వాసనల్లో ముఖ్యమైనది డైమిథైల్ సల్ఫైడ్ అనే గంధక పదార్థానిది. దీన్ని పొట్టిగా డీఎంఎస్ అంటారు. క్యాబేజీ ఉడికేటప్పుడు వచ్చే ఘాటు వాసనలో ఉండేది ఇదే. సముద్రం ఒడ్డున నిలబడితే వచ్చే ఆ ప్రత్యేకమైన వాసనలోనూ దీని పాత్ర ఉంది.

ఈ వాసనకూ తిండికీ సంబంధం ఇలా ఉంటుంది. సముద్రం పైపొరలో కంటికి కనిపించనంత చిన్న నాచు మొక్కలు ఉంటాయి. స్కూల్ పుస్తకాల్లో వీటినే వృక్ష ప్లవకాలు అంటారు. క్రిల్ అనే చిన్న రొయ్యల్లాంటి ప్రాణులు ఈ నాచును మేస్తాయి. అలా మేస్తున్నప్పుడు నాచు కణాలు చితికి డీఎంఎస్ గాలిలోకి వస్తుంది. అంటే ఆ వాసన వస్తోందంటే అక్కడ నాచు ఉంది, దాన్ని మేసే క్రిల్ కూడా ఉండే అవకాశం ఉంది అని అర్థం. పక్షి క్రిల్ కోసమే వస్తుంది. బిర్యానీ దమ్ వాసన పట్టుకుని దావత్ ఏ ఇంట్లోనో కనుక్కున్నట్టే!

అంటార్కిటిక్ ప్రాంతపు సముద్ర పక్షులు ఈ వాసనను పట్టుకుని వస్తాయని గాబ్రియెల్ నెవిట్ అనే శాస్త్రవేత్త బృందం 1995లోనే 'నేచర్' పత్రికలో చూపించింది. ఆ నెవిట్ ల్యాబ్‌లోనే సవోకా విద్యార్థిగా చేరారు. అక్కడే ఆయనకు ఒక ప్రశ్న వచ్చింది. ప్లాస్టిక్‌కు కూడా ఇదే వాసన వస్తుంటే?

జాలీ సంచుల్లో ప్లాస్టిక్ పూసలు

ఈ ప్రయోగం మొదటి భాగం చాలా సులువుగా అర్థమవుతుంది. మనం రోజూ ఎక్కువగా వాడే మూడు రకాల ప్లాస్టిక్‌లను ఎంచుకున్నారు. మొదటిది పాల క్యాన్లు, షాంపూ డబ్బాల్లో ఉండే గట్టి పాలిథిన్. రెండోది క్యారీ బ్యాగులు, ప్యాకింగ్ కవర్లలో ఉండే మెత్తటి పాలిథిన్. మూడోది బాటిల్ మూతలు, పార్సిల్ డబ్బాల్లో ఉండే పాలీప్రొపిలీన్. ఈ మూడింటి చిన్న చిన్న పూసలను తీసుకున్నారు.

పూసలను జాలీ సంచుల్లో వేసి కుట్టేశారు. కాలిఫోర్నియా తీరంలోని మాంటెరీ బే, బొడేగా బే అనే రెండు చోట్ల, లంగరు వేసి నీటిపై తేలేలా ఉంచిన బోయలకు ఆ సంచులను కట్టారు. ప్లాస్టిక్ సముద్రంలో కొట్టుకుపోకుండా, నీళ్లు మాత్రం తగిలేలా ఈ ఏర్పాటు. సుమారు మూడు వారాల తర్వాత వాటిని బయటికి తీశారు.

ఇప్పుడు వాసనను కొలవాలి. మనిషి ముక్కుతో కొలిస్తే అది సైన్స్ కాదు. అదే యూనివర్సిటీలో వైన్, ఆహార పదార్థాల వాసనలను విడివిడిగా గుర్తించే ల్యాబ్ ఉంది. అక్కడి ఫుడ్ కెమిస్ట్రీ నిపుణురాలు సూసన్ ఎబెలర్ సాయంతో పూసలను పరీక్షించారు. సముద్రంలో వేయకముందు పూసల్లో డీఎంఎస్ లేదు. మూడు వారాల తర్వాత మూడు రకాల ప్లాస్టిక్‌ల నుంచీ డీఎంఎస్ వచ్చింది.

అసలు సంగతి ఏమిటంటే, ఈ వాసన ప్లాస్టిక్‌ది కాదు. నీళ్లలో పడిన ఏ వస్తువు మీదైనా మొదట సూక్ష్మజీవులు జిగురు పొరలా పడతాయి. దాని మీద నాచు పేరుకుంటుంది. నీళ్ల ట్యాంకు గోడలకు పాచి పట్టినట్టే. ప్లాస్టిక్ త్వరగా కుళ్లిపోదు, పైగా నీటిపై తేలుతూ ఎండ తగిలే చోటే ఉంటుంది. నాచుకు ఇంతకంటే మంచి చోటు దొరకదు. ఆ నాచు నుంచే తిండి వాసన వస్తుంది.

ఆరు రెట్ల తేడా

వాసన ఉందని తేలింది సరే, పక్షులు నిజంగా దాని వల్లే తింటున్నాయా? దీని కోసం సవోకా బృందం కొత్తగా ఏ పక్షినీ చంపలేదు. చనిపోయిన సముద్ర పక్షుల పొట్టల్లో ఏమున్నదో అప్పటికే దశాబ్దాలుగా శాస్త్రవేత్తలు రాసి పెట్టిన వివరాలను పోగుచేశారు. పక్షి జాతులను రెండు భాగాలు చేశారు. డీఎంఎస్ వాసనను పట్టుకుని వెళ్లేవి ఒక వైపు, దాన్ని అంతగా పట్టించుకోనివి ఇంకో వైపు.

డీఎంఎస్‌ను పట్టుకుని వెళ్లే జాతుల్లో ప్లాస్టిక్ తినడం, మిగతా వాటితో పోలిస్తే దాదాపు ఆరు రెట్లు ఎక్కువగా కనిపించింది. వాసన మీద ఎక్కువ ఆధారపడే జాతుల్లో చాలావరకు నేలలో బొరియలు చేసుకుని గూడు పెట్టే చిన్న పక్షులు. ఇవి ఫొటోల్లో పెద్దగా కనిపించవు, జనం దృష్టికి రావు. ప్రమాదం మాత్రం వాటికే ఎక్కువని ఈ పరిశోధన హెచ్చరించింది.

అయితే ఇక్కడితో కథ అయిపోలేదు. ఈ లెక్కల పద్ధతి మీద వేరే శాస్త్రవేత్తలు 2017లో అదే పత్రికలో అభ్యంతరాలు రాశారు. సవోకా బృందం వాటికి సమాధానం ఇచ్చింది. రెండు విషయాలు కలిసి కనిపించినంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణం అని చెప్పలేం అన్నది న్యాయమైన ప్రశ్నే. పక్షి సైజు, అది తినే తిండి, అది తిరిగే సముద్రంలో ఎంత ప్లాస్టిక్ ఉంది అన్నవీ ముఖ్యమే. వాసన ఒక్కటే కారణం కాకపోవచ్చు. కానీ ప్లాస్టిక్‌కు తిండి వాసన పడుతోందన్న మొదటి సంగతి మాత్రం ల్యాబ్‌లో కొలిచి చూపించినది.

చేపలు, తాబేళ్ల సంగతేంటి?

ఆ తర్వాత సవోకా అదే ప్రశ్నను చేపల మీద పెట్టారు. శాన్ ఫ్రాన్సిస్కోలోని అక్వేరియంలో ఆంకోవీ చేపల గుంపుపై ప్రయోగం చేశారు. ఆంకోవీలంటే మన దగ్గర నెత్తళ్లు అనే చేపల జాతివే. చేపలకు ప్లాస్టిక్ పెట్టలేదు. క్రిల్ నానబెట్టిన నీళ్లు, కొత్త ప్లాస్టిక్ నానబెట్టిన నీళ్లు, సముద్రంలో నాచు పట్టిన ప్లాస్టిక్ నానబెట్టిన నీళ్లు విడివిడిగా ట్యాంకులోకి వదిలి, పైనుంచి కెమెరాతో చూశారు.

క్రిల్ వాసన తగలగానే చేపలు దగ్గరికి చేరి తిండి కోసం వెతకడం మొదలుపెట్టాయి. నాచు పట్టిన ప్లాస్టిక్ నీళ్లకూ దాదాపు అలాగే చేశాయి. కొత్త ప్లాస్టిక్ నీళ్లను మాత్రం పట్టించుకోలేదు. ఈ ఫలితాలు 2017లో వచ్చాయి.

2020లో వేరే బృందం లాగర్‌హెడ్ జాతి తాబేళ్ల మీద ఇలాంటి పరీక్షే చేసింది. 15 చిన్న తాబేళ్లకు నీటి పైన గాలిలో రకరకాల వాసనలు వదిలారు. తిండి వాసనకూ, నాచు పట్టిన ప్లాస్టిక్ వాసనకూ అవి ముక్కును నీటి పైన ఉంచిన సమయం, మామూలు నీళ్ల వాసన, శుభ్రమైన ప్లాస్టిక్ వాసనలతో పోలిస్తే మూడు రెట్లకు పైగా ఉంది. అంటే తాబేలు కవర్‌ను కంటితో చూడకముందే వాసన దాన్ని పిలిచే అవకాశం ఉందన్నమాట. ఆంధ్ర తీరానికి ఏటా గుడ్లు పెట్టడానికి వచ్చే ఆలివ్ రిడ్లేలు వేరే జాతి తాబేళ్లు. కానీ అవి ఈదే సముద్రంలోనూ నాచు పట్టిన కవర్లకు కొదవ లేదు.

ఇదంతా చదివి ఇంట్లో చేపలు వండటం మానేయాల్సిన పని లేదు. చేప మింగిన ప్లాస్టిక్ ముక్కలు ఎక్కువగా దాని పేగుల్లో ఉంటాయి. చేప కడిగేటప్పుడు అవి తీసేస్తాం. నెత్తళ్ల లాంటి చిన్న చేపలను పేగులు తీయకుండా వండే అలవాటు ఉంటే, కాస్త ఓపిక పట్టి శుభ్రం చేసుకోవడం మంచిది.

నాలాలో పడిన కవర్ ఎక్కడికి పోతుంది?

హైదరాబాద్ నుంచి సముద్రం చాలా దూరం, మనకేంటి అనిపించవచ్చు. కానీ నీటి దారి వేరు. పాతబస్తీలోనో, ఇంకే బస్తీలోనో నాలాలో పడిన కవర్ వానకు కొట్టుకుపోతే మూసీలోకి చేరుతుంది. మూసీ నల్గొండ జిల్లాలో వాడపల్లి దగ్గర కృష్ణా నదిలో కలుస్తుంది. కృష్ణ విజయవాడ ప్రకాశం బ్యారేజీ దాటి, హంసలదీవి దగ్గర బంగాళాఖాతంలో కలుస్తుంది. దారిలో చాలా చెత్త ఒడ్డుల్లో, బ్యారేజీల దగ్గర ఆగిపోవచ్చు. కానీ వరద వచ్చిందంటే ఆగినది కూడా మళ్లీ కదులుతుంది.

సవోకా ప్రయోగం మనకు చెప్పే అసలు పాఠం ఇక్కడే ఉంది. ప్లాస్టిక్ సముద్రంలో పడి ఏళ్లు గడిచాక ప్రమాదకరం అవుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి మూడు వారాలు చాలు. ఆ తర్వాత అది ఉత్త చెత్త కాదు, తిండి వాసనతో పిలిచే ఎర. సముద్రంలో పడ్డాక తీసేద్దాంలే అనుకుంటే ఆలస్యమైపోతుంది. నీళ్లలో పడకముందే ఆపాలి.

మన దేశంలో 2022 జూలై 1 నుంచి ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, స్పూన్లు, స్ట్రాలు లాంటి కొన్ని ఒక్కసారి వాడి పారేసే వస్తువులపై నిషేధం ఉంది. అయినా దావత్‌లలో, వలీమాల్లో, పార్సిల్ సెంటర్లలో ఇంకా అవే కనిపిస్తున్నాయి. స్టీల్ గ్లాసులు, విస్తరాకులు వాడితే కడిగే పని, ఖర్చు కాస్త పెరుగుతాయి, నిజమే. పది ఇళ్లు కలిసి ఒక సెట్ స్టీల్ సామాను కొని ఉంచుకుంటే ఆ భారం తగ్గుతుంది.

పిల్లల ప్రాజెక్టుకు దీన్నుంచి ఏం నేర్చుకోవచ్చు?

మన స్కూళ్లలో కాలుష్యం ప్రాజెక్టు అంటే చాలాసార్లు థర్మాకోల్ షీట్ మీద నీలం రంగు వేసి, ప్లాస్టిక్ చేపలు అంటించి, ఎగ్జిబిషన్ అయ్యాక చెత్తకుండీలో పడేయడమే. ప్లాస్టిక్ చెడ్డదని ప్లాస్టిక్‌తోనే బొమ్మ చేసి చెప్పడం అన్నమాట!

సవోకా మొదలుపెట్టింది బొమ్మతో కాదు, ఒక ప్రశ్నతో. ఆ ప్రశ్నకు జవాబు కొలవగలిగేలా చూసుకున్నారు. నాచు పట్టినదాన్ని కొత్తదానితో పోల్చారు. తప్పని ఎవరైనా అంటే జవాబు చెప్పడానికి లెక్కలు రాసి ఉంచారు. ఈ పద్ధతికి పెద్ద ల్యాబ్ అక్కర్లేదు. ఒక జాలీ సంచిలో కవర్ ముక్క, గాజు ముక్క, కొబ్బరి పీచు విడివిడిగా కట్టి, ఎండ తగిలే చోట బకెట్ చెరువు నీళ్లలో మూడు వారాలు ఉంచి, దేని మీద ఎంత పాచి పట్టిందో రోజూ రాయవచ్చు. బకెట్ మీద జాలీ కప్పి ఉంచాలి, లేకపోతే దోమలు పెరుగుతాయి. గాజు ముక్క అంచులు కోసుకోకుండా పెద్దలు చూసుకోవాలి. ఇంటి వీధిలోని నాలా దగ్గర వారానికోసారి ఏ రకం ప్లాస్టిక్ ఎన్ని కనిపించాయో, దూరం నుంచే లెక్కపెట్టి పట్టిక వేసినా మంచి ప్రాజెక్టే.

'అది తినేది కాదని పక్షికి తెలియదా?' అని ఈసారి పిల్లలు అడిగితే, పాపం పొరపాటు పడిందని చెప్పి ఊరుకోనక్కర్లేదు. పక్షి ముక్కు సరిగ్గానే పని చేస్తోంది. లక్షల ఏళ్లుగా ఆ వాసన దానికి తిండినే చూపించింది. ఆ వాసన వెనుక మనం పారేసిన కవర్ ఉంటుందని దానికి ఎవరు చెబుతారు?