తెరమీది లోకానికి భౌతిక నియమాలు

చెట్టునుండి రాలే పండుకు ఎవరి ఆజ్ఞా అక్కరలేదు. వీడియో గేములోని పండు మాత్రం తనంతట తాను రాలదు. గురుత్వాకర్షణ, ఘర్షణ, అభిఘాతం మొదలైన నియమాలను గణితరూపంలో కంప్యూటరుకు బోధించాలి. అందుకై రూపొందిన ప్రోగ్రామునే 'ఫిజిక్స్ ఇంజను' అంటారు. సొంతంగా గేము తయారుచేయాలని ఉబలాటపడే విద్యార్థికి ఎదురయ్యే తొలి ప్రశ్నలలో ఒకటి: ఏ ఇంజనును ఎన్నుకోవాలి?

ప్రకృతిలో చలనం అవిచ్ఛిన్నం. కంప్యూటరులో కాలం మెట్లుమెట్లుగా, తరచు సెకనుకు 60 మెట్ల చొప్పున సాగుతుంది. ప్రతి మెట్టులోనూ ఇంజను వస్తువుల వేగాలను సవరిస్తుంది. ఏవి దేనిని తాకాయో కనిపెడుతుంది. తాకినవి ఒకదానిలోనొకటి చొరబడకుండా కొత్త స్థానాలకు చేరుస్తుంది. ఇదంతా రెప్పపాటుకన్నా తక్కువ కాలంలో ముగియాలి. కాబట్టి ప్రతి ఇంజనూ ఉజ్జాయింపు లెక్కలనే ఆశ్రయిస్తుంది. ఎక్కడ ఉజ్జాయింపుతో సరిపెట్టుకుంటుందన్నదే ఇంజన్ల మధ్య భేదం.

క్రికెట్ గేమునే తీసుకుందాం. గంటకు 144 కిలోమీటర్ల వేగంతో వచ్చే బంతి సెకనుకు 40 మీటర్లు, అంటే ఒక్కొక్క మెట్టుకు సుమారు 67 సెంటీమీటర్లు దూకుతుంది. బ్యాటు మందం 7 సెంటీమీటర్లకు మించదు. ఒక మెట్టులో బ్యాటుకు ముందున్న బంతి మరుసటి మెట్టులో వెనుక తేలవచ్చు. తాకిడి జరిగినట్లే ఇంజనుకు తెలియదు! దీనిని నివారించడానికి రెండు మెట్ల నడుమ బంతి సాగిన దారినంతటినీ పరీక్షించే పద్ధతి ఉంది. దానికి అదనపు కాలం ఖర్చవుతుంది. క్యారమ్స్ గేముకైతే ద్విపరిమాణ ఇంజను చాలు. అక్కడ అనేక కాయలు ఒకేసారి తాకినా లెక్క తప్పకపోవడం ముఖ్యం.

ద్విపరిమాణ ఇంజన్లలో ప్రసిద్ధమైనది బాక్స్ టూ డీ. 2006లో అమెరికాలో జరిగిన గేమ్ డెవలపర్స్ కాన్ఫరెన్సులో ఎరిన్ కాటో ప్రదర్శించిన చిన్న ప్రోగ్రాము దీనికి బీజం. 2009లో వెలువడిన యాంగ్రీ బర్డ్స్ దీనిపైనే నిర్మితమైంది. త్రిపరిమాణ రంగంలో హావొక్ పేరెన్నికగన్నది. వాషింగ్టన్ రాష్ట్రంలోని వాల్వ్ సంస్థ 2004 నాటి హాఫ్ లైఫ్ 2లో దానిని వాడింది.

యాజమాన్యాన్నీ గమనించాలి. 1998లో డబ్లిన్‌లో పుట్టిన హావొక్ 2007లో ఇంటెల్‌కు, 2015లో మైక్రోసాఫ్ట్‌కు చేరింది. 2008లో ఎన్విడియా చేతికి వచ్చిన ఫిజెక్స్ మూలకోడు 2018లో అందరికీ తెరుచుకుంది. జోల్ట్, బుల్లెట్ వంటివి ఉచితంగా లభిస్తాయి. అయినా ఉచితమైనంత మాత్రాన షరతులు చదవనవసరం లేదనుకోరాదు.

న్యూజెర్సీ, హైదరాబాదులలోని అన్నదమ్ములు ఇంటర్నెట్ ద్వారా కలిసి ఆడే గేమైతే మరో చిక్కు. రెండు కంప్యూటర్లూ విడివిడిగా లెక్కిస్తే, దశాంశాలలోని సూక్ష్మభేదం క్రమేణా పెరిగి ఒకరి తెరపై ఔటైనవాడు మరొకరి తెరపై నాటౌట్ కావచ్చు. అట్టి గేముకు అన్ని యంత్రాలపైనా ఒకే ఫలితమిచ్చే ఇంజను కావాలి.

నిర్మాణం సగమయ్యాక ఇంజను మార్చడం కష్టం. ఎగిరే ఎత్తు, జారే తీరు మొదలైనవన్నీ పాత ఇంజను స్వభావాన్నిబట్టి సరిచేసినవే కనుక మళ్ళీ మొదటికొస్తాయి. అందుచేత గేములోని అత్యంత క్లిష్టమైన సన్నివేశాన్ని ముందుగా రెండు ఇంజన్లలో చిన్నగా నిర్మించి, ఆటగాళ్ళవద్ద ఉండగల బలహీనమైన యంత్రంపై పరీక్షించడం వివేకం. అన్నిటా శ్రేష్ఠమైన ఇంజను అంటూ లేదు. ఆ ఆటకు చెరుపు చేయని ఉజ్జాయింపు ఏదో, అదే తగిన ఇంజను.