నిబంధనం ద్వారా అభ్యసనం

నేర్చుకొనుట అనగానే మనకు పలక, పుస్తకం, గురువు స్ఫురిస్తాయి. కాని మనిషి నేర్చినదానిలో చాల భాగం ఎవరూ కూర్చుండబెట్టి చెప్పనిదే. అనుభవం వలన ప్రవర్తనలో కలిగి, కొంతకాలం నిలిచే మార్పును మనస్తత్వ శాస్త్రజ్ఞులు అభ్యసనం అంటారు. ఆ లెక్కన చింతకాయ పేరు వినగానే నోట నీరూరుట కూడ అభ్యసనమే. దానిని ఎన్నడూ రుచి చూడనివానికి ఆ పేరు వట్టి శబ్దం.

ఈ సంగతిని ప్రయోగశాలలో పరిశీలించినవాడు రష్యా దేశపు శరీరధర్మ శాస్త్రజ్ఞుడు ఇవాన్ పావ్‌లోవ్ (1849–1936). ఆయనకు 1904లో నోబెల్ బహుమానం లభించినది జీర్ణక్రియపై చేసిన పరిశోధనలకే గాని మనస్తత్వ శాస్త్రానికి కాదు. కుక్క చెంపకు చిన్న శస్త్రచికిత్స చేసి, లాలాజలం వెలుపలికి వచ్చేట్లు అమర్చి, దానిని చుక్కలుగా కొలుస్తూండగా ఒక చిక్కు ఎదురైంది. ఆహారం నోట పడక ముందే, దానిని తెచ్చే మనిషి అడుగుల చప్పుడుకే లాలాజలం స్రవించసాగింది. మరొకరైతే ఇది ప్రయోగానికి అడ్డంకి అని విసుక్కొనేవారేమో! పావ్‌లోవ్ తన శేషజీవితంలో అధికభాగం ఆ చిక్కుకే వెచ్చించాడు. ఆయన గంట కొట్టాడని మనం చదువుకొంటాం గాని, మెట్రోనోమ్, బజర్, దీపపు వెలుతురు మొదలైనవి కూడ వాడాడు.

ఆహారం నిర్నిబంధిత ఉద్దీపన. దానికి లాలాజలం ఊరుట పుట్టుకతో వచ్చిన ప్రతిస్పందన. మెట్రోనోమ్ చప్పుడు మొదట తటస్థమైనది. ఆహారానికి ముందు అది మరల మరల వినిపించగా నిబంధిత ఉద్దీపనగా మారి, తానొక్కటే లాలాజలాన్ని రప్పించగలిగింది. సిద్ధాంతం ఇంతే. దీనిని శాస్త్రీయ నిబంధనం అంటారు.

దీనికి ఉదాహరణల కోసం మనం రష్యా వెళ్లనక్కరలేదు. మేళ్లచెరువు పరిసరాలలో సున్నపురాయి గనులు కలవు. గనిలో మందుగుండు పేల్చే ముందు హెచ్చరికగా సైరన్ మ్రోగిస్తారు. పేలుడుకు ఉలికిపడుట ఎవరూ నేర్పనక్కరలేదు. సైరన్‌కే గుండె బిగబట్టుట మాత్రం నేర్చినదే. రంజాన్ మాసంలో పట్టణాలలో ఇఫ్తార్ వేళను తెలిపేదీ సైరనే. అది విన్న ఉపవాసికి ఖర్జూరం పెదవినంటక ముందే నోరూరుతుంది. (భక్తునికి ఆ వేళ ఎంతటిదో చెప్పుట శాస్త్రజ్ఞుని పని కాదు; అతడు చెప్పగలిగినది లాలాజల గ్రంథిని గూర్చి మాత్రమే.) ఒకే జాతి ధ్వని ఒకచోట భయాన్ని, మరొకచోట ఆకలిని రేపుతున్నది. వేళను, సందర్భాన్ని బట్టి ఈ తేడాను గుర్తించుటనే విచక్షణ అన్నారు. సైరన్ మాటిమాటికి మ్రోగి పేలుడు జరుగకపోతే ఉలికిపాటు క్రమంగా తగ్గుతుంది. ఇది విరమణ. గనిలో ఇది ప్రమాదకరం కూడ, ఉత్తుత్తి హెచ్చరికలకు అలవడినవాడు నిజమైనదానిని లెక్కచేయడు గదా! అయితే కొన్నాళ్ల విరామం తరువాత పాత ప్రతిస్పందన తనంత తానే తలెత్తవచ్చు. దీనికి అయత్నసిద్ధ స్వాస్థ్యం అని పేరు.

రెండు విషయాలు జతపడితే చాలునా? చాలదని తరువాతివారు తేల్చారు. 1960లలో రెస్కోర్లా, మొదటిది రెండవదానిని నమ్మకంగా సూచించినప్పుడే అభ్యసనం బలపడుతుందని చూపాడు. గార్సియా, కోయెల్లింగ్‌ల 1966 నాటి ప్రయోగంలో అనారోగ్యానికి గురైన ఎలుకలు రుచిని ద్వేషించాయి గాని వెలుతురును, చప్పుడును ద్వేషించలేదు. పెండ్లిలో బిర్యానీ తిని వాంతులైనవాడు బిర్యానీని అసహ్యించుకొంటాడు గాని పందిరిని కాదు.

భయం సంగతి మరింత గంభీరమైనది. 1920లో అమెరికాలో వాట్సన్, రేనర్ అనేవారు ఆల్బర్ట్ అని పేరుపెట్టిన పదకొండు నెలల పసివానికి తెల్ల ఎలుకను చూపుతూ వెనుక ఇనుప కమ్మీపై సుత్తితో మ్రోగించారు. కొలదిసార్లకే పిల్లవాడు ఎలుకను చూచి ఏడ్చాడు. ఆపై కుందేలును, బొచ్చు కోటును చూచి కూడ ఏడ్చాడు. ఇది సామాన్యీకరణం. ఆ భయాన్ని పోగొట్టక ముందే బిడ్డ వెళ్లిపోయాడు. నా దృష్టిలో ఇది శాస్త్రం పేరిట జరిగిన క్రూరకార్యమే.

మన బడులలో ఎక్కంతో పాటు బెత్తమూ అందుకొన్న పిల్లలు గణితాన్నే గాక బడినే ద్వేషించారు. 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ విభాగం శారీరక దండనను, మానసిక వేధింపును నిషేధించింది. కాని వేధింపుకు బెత్తం అక్కరలేదు. ఉర్దూ మాధ్యమం నుండి వచ్చిన విద్యార్థి తెలుగో ఇంగ్లీషో పైకి చదువుతూ తడబడగానే తరగతి గొల్లుమంటే, ఆ నవ్వే సుత్తి దెబ్బ. మరునాటి నుండి అతడు వెనుక బల్ల చేరుతాడు. తప్పించుకొన్నంతకాలం, ఈసారి ఎవరూ నవ్వరని తెలిసికొనే అవకాశమే అతనికి రాదు. అందుచేతనే ఇట్టి భయం ఏండ్ల తరబడి వాడిపోదు.

దీనికి మార్గం 1924లోనే మేరీ కవర్ జోన్స్ చూపింది. కుందేలంటే జడిసే మూడేండ్ల పీటర్‌కు ఇష్టమైన తినుబండారం పెట్టి, కుందేలును గదిలో దూరంగా ఉంచి, దినదినము కొంచెం దగ్గరకు జరిపింది. తొందరపడి ఒడిలో వేయలేదు. కళాశాల కమిటీవారు వక్తృత్వ పోటీలకు ముందు నలుగురైదుగురు స్నేహితుల చిన్న బృందాలలో, మొదట మాతృభాషలో, పిదప రెండవ భాషలో మాట్లాడే ఏర్పాటు చేస్తే ఈ పద్ధతి ఇక్కడా అమలుకు వస్తుంది. దీనికి ఒక గది, వారానికొక గంట చాలును. పీటర్ విషయంలో అది కొన్ని వారాల పని అయింది. చివరకు అతడు కుందేలు తన వ్రేళ్లను కొరుకుతున్నా చేతిని వెనుకకు తీసికొనలేదు.