ఆఫీసు మూసినా వెబ్‌సైట్ ఎందుకు ఆగదు?

భానూర్, పటాన్‌చెరు పరిశ్రమల్లో సెకండ్ షిఫ్ట్ ముగిసే వేళకు మీసేవ కేంద్రాలు మూసేసి ఉంటాయి. అయినా ఆదాయ ధ్రువపత్రం దరఖాస్తు ఎంతవరకు వచ్చిందో ఫోన్‌లో చూసుకోవచ్చు. ఆ వేళలో పేజీని పంపేది వెబ్ సర్వర్ అనే ప్రోగ్రామ్. ఒకసారి మొదలుపెడితే అది ఎందుకు ఆగదు?

పని అయిపోదు కాబట్టి..

జీతాల లెక్కలు వేసే ప్రోగ్రామ్ చివరి ఉద్యోగి లెక్క పూర్తవగానే ఆగిపోతుంది. వెబ్ సర్వర్‌కు చివరి పని అంటూ ఉండదు. అభ్యర్థన కోసం ఎదురుచూడటం, రాగానే జవాబు పంపడం, మళ్లీ ఎదురుచూడటం.. ఇంతే. దీన్నే లూప్ అంటారు. ఫ్యాక్టరీ గేటు దగ్గర సెక్యూరిటీ గార్డు ఒక లారీని లోపలికి పంపగానే ఇంటికి వెళ్లిపోడు కదా! సర్వర్ కాపలా కాసే గేటును పోర్ట్ అంటారు. మామూలు వెబ్‌సైట్లకు 80, సురక్షితమైన వాటికి 443 వాడతారు.

ఖాళీగా ఉంటే వృథా కాదా?

కాదు. 'ఎవరైనా వస్తే లేపు' అని ఆపరేటింగ్ సిస్టమ్‌కు చెప్పి ప్రోగ్రామ్ నిద్రపోతుంది. అప్పుడు ప్రాసెసర్‌ను దాదాపు వాడుకోదు.

మరి ఎప్పుడు ఆగుతుంది?

ప్రోగ్రామ్‌లో లోపం తలెత్తినా, మెమరీ చాలకపోయినా, కరెంటు పోయినా ఆగుతుంది. 1990లో సెర్న్‌లో టిమ్ బెర్నర్స్-లీ తొలి వెబ్ సర్వర్ నడిపిన కంప్యూటర్‌కు, 'ఇది సర్వర్, ఆపొద్దు' అనే అర్థంలో ఎర్ర సిరాతో రాసిన చీటీ అంటించారు. ఇప్పుడు ఆ కాపలా కూడా ప్రోగ్రామ్‌లదే. లినక్స్‌లో సిస్టమ్‌డీ లాంటివి, ముందే అలా సెట్ చేసి ఉంటే, ఆగిన సర్వర్‌ను తిరిగి నడిపిస్తాయి.

ఎర్రర్ వస్తే ఏం చేయాలి?

503 కనిపిస్తే సర్వర్ ప్రస్తుతం సేవ అందించలేకపోతోందని అర్థం. రద్దీ కావచ్చు, నిర్వహణ పనులు కావచ్చు. కాసేపాగి ప్రయత్నించండి.

504 వస్తే మాత్రం జాగ్రత్త. ముందున్న సర్వర్ మీ అభ్యర్థనను వెనకున్న మరో సర్వర్‌కు పంపింది, జవాబు సమయానికి రాలేదు. అంతమాత్రాన వెనక పని జరగలేదని కాదు. ఫీజు కడుతుండగా ఇది కనిపిస్తే వెంటనే మళ్లీ చెల్లించొద్దు. ముందు బ్యాంకు ఖాతా, దరఖాస్తు స్థితి రెండూ చూసుకోండి. డబ్బు కట్ అయి ఉంటే లావాదేవీ నంబరు రాసిపెట్టుకోండి. ఫిర్యాదు చేయాల్సి వస్తే అదే ఆధారం.